మా అన్న రాసిన ఆకాశం

మొదటి రోజు

ఆకాశం: బాగుంది.

ఈ పుస్తకం ఇవాళ నా చేతికి వచ్చింది. నా పేరు సూరాడ కొర్లయ్య. ఊరు కొత్తమెరక. వయసు డెబ్బై ఒకటి. ఇప్పటిదాకా దీన్ని మా అన్న దానయ్య రాసేవాడు. పదకొండేళ్ళు రాశాడు. నెమ్ముకు అతని వేళ్ళు బిగుసుకుపోయాయి, కలం నిలవడం లేదు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ ఆకాశం పుస్తకం పడవ నడిపిన చేతిలోనే ఉండాలని అందరూ అన్నారు. నలభై దాటాక నేర్చిన అక్షరాలు నావి. తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి. రాసింది మళ్ళీ రాయడం నా వల్ల కాదు.

పని ఇది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి పైకి చూడాలి. చూసింది రాయాలి. నెలకు రెండుసార్లు ఎండ ఆఫీసు పడవ వచ్చి కాగితాలు పట్టుకుపోతుంది.

పైకి చూస్తే ఏముంది, ముసురు. గొడుగు కట్టి పంతొమ్మిదేళ్ళు అయింది. భూమి కాలిపోతోందని పెద్ద దేశాలన్నీ కలిసి ఆకాశంలో బూడిద లాంటిదేదో చల్లి ఎండకు అడ్డం పెట్టాయి. దాన్నే మేం గొడుగు అంటాం, దాన్ని చూసుకునే ఆఫీసును ఎండ ఆఫీసు అంటాం. భూమి కాలిపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మా తీరాన్ని మాత్రం ముసురు పట్టుకుంది, వదల్లేదు. అది జోరు వాన కాదు. జోరు వానైతే కురిసి పోతుంది. ఇది పోదు.

మరి బాగుందని ఎందుకు రాశావంటే, మా వాళ్ళలో అలాగే చెప్పాలి. వేటకు పోయే ముందు ఒడ్డున ఎవరైనా గాలీ వానా ఎలా ఉన్నాయని అడిగితే బాగుందనాలి. బాగోలేదన్నవాడి పడవ ఎవడూ ఎక్కడు. ఆ మాట విని గాలి నిజంగానే తిరగబడుతుందని మా నమ్మకం. మా నాన్న తుఫాను మధ్య నుంచి తెరచాప చింపుకుని ఒడ్డుకొచ్చి కూడా కొంచెం గాలి తోలిందన్నాడు, అంతే.


నాలుగో రోజు

ఆకాశం: బాగుంది.

నా భార్య కాసమ్మకు చదువు రాదు. అయినా పుస్తకం మూయగానే అడిగింది.

"ఏటి రాసినావు?"

"బాగుందని."

"ఏటి బాగుంది? నీ పంచె పొయ్యి మీద ఏలాడదీసి ఆరబెడతన్నాను. పొగ కంపుతో కట్టుకు తిరుగుతున్నావు. అది బాగుందా? ఉప్పు డబ్బా తీస్తే నీళ్ళు. చెంచాతో తియ్యనక్కర్లేదు, ఒంచుకోడమే. అది బాగుందా?"

"అన్న అలాగే రాసేవాడు."

"మీ అన్న మారాజు. ఆ మారాజు దుప్పట్లు ఎవరు ఆరబెడతన్నారు? రాయి, అదీ రాయి."

వాదించి లాభం లేదు, లేచి వెనక గదిలోకి వెళ్ళాను. అన్న అక్కడే ఉంటాడు. వదిన పోయాక మాతోనే ఉంటున్నాడు. ఎనభై ఏళ్ళు. ఒకప్పుడు నడుముకు తాడు కట్టుకుని ఒక్కడే పడవను ఇసుక మీదికి లాగిన మనిషి. ఇప్పుడు ఊపిరి తీస్తే లోపల పడవ అడుగున నీళ్ళు కదిలినట్టు చప్పుడు. మొన్న కాంపౌండరు వచ్చి చూసి, బయటికొచ్చాక చలికాలం దాటకపోవచ్చని నాతో చెప్పాడు. మందు రాయలేదు. పొడిగా, వెచ్చగా ఉంచమన్నాడు. ఈ ఊళ్ళో పొడిగా ఉన్నది ఏదో చూపించమన్నాను. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా అడుగుల చప్పుడు తెలుసు.

"ఒరే కొర్లా, ఓ పూట పొడి ఇసకలో తొంగోవాలనుందిరా."

డెబ్బై ఏళ్ళలో మా అన్న నన్ను ఏదీ అడగలేదు. పడవలో తాగే నీళ్ళు అయిపోయినప్పుడు కూడా అడగలేదు, నావే ఇచ్చి తాగించాను. ఇసుకలో పడుకోవాలన్న ఈ మాట కూడా అడిగినట్టు అనలేదు, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు అన్నాడు. బయటికొచ్చి చూరు కింద చాలాసేపు నిలబడ్డాను.

వేట నుంచి దిగగానే ఇసుక కాల్చేది. పడవ దగ్గర్నుంచి నీడ దాకా పరుగెత్తేవాళ్ళం. చేతుల మీద సముద్రపు నీళ్ళు ఆరి ఉప్పు తెల్లగా పొడి కట్టేది. వేలితో గీస్తే గీత పడేది. ఆ ఉప్పు మీద మా అన్న తన పేరు రాసేవాడు, ఒక్క 'దా' మాత్రమే వచ్చు అప్పట్లో. పంతొమ్మిదేళ్ళుగా నా చేతి మీద ఉప్పు ఆరలేదు.


తొమ్మిదో రోజు

ఇవాళ ఎండ ఆఫీసు పడవ వచ్చింది. అందులోంచి కొత్త అమ్మాయి దిగింది. పేరు తన్మయి. ముప్పై ఏళ్ళు ఉండవచ్చు. కాగితాలు తీసుకుని "ఉంటాను తాతగారూ" అంది.

"తాతా అనకు. కొర్లయ్య అని పిలు. ఒక సంగతి చెప్పి వెళ్ళు. మా ఊరికి కంత ఎప్పుడు తీస్తారు?"

కంత అంటే తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. ఆఫీసు వాళ్ళు గొడుగులో ఒకచోట బెజ్జం తీయగలరు. ఆ కింద ఉన్న ఊరికి ఒక పూట ఎండ వస్తుంది. దక్షిణాన దిబ్బలపాలెం మీద అప్పుడప్పుడు వెలుతురు స్తంభంలా దిగడం మాకు కనబడుతుంది. అప్పుడు మా ఊరంతా గట్టెక్కి నిలబడుతుంది. ఎవరూ మాట్లాడరు. ముసలాళ్ళు చేతులు అటు చాపుతారు. ఇంత దూరం వేడి రాదని తెలుసు, అయినా చాపుతారు. దిబ్బలపాలెం వాళ్ళకు ఆఫీసులో ఎవరో తెలిసినవాళ్ళు ఉన్నారనుకునేవాళ్ళం.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది.

"మీకు ఎండ కావాలా?"

"వద్దని ఎవడన్నాడు?"

"మీ పుస్తకమే అంది. ఇబ్బంది ఎక్కువ రాసిన ఊరికే ముందు కంత తీస్తాం. మొదటి పేజీలో అచ్చు వేసి ఉంటుంది కదా. దిబ్బలపాలెం వాళ్ళు రోజుకు రెండు పేజీలు రాస్తారు. పిల్లల ఒంటి మీద లేచిన దద్దుర్లు కూడా లెక్కపెట్టి రాస్తారు. వాళ్ళకు ఏటా నాలుగు పూటలు ఎండ వస్తుంది. మీ ఊరు పదకొండేళ్ళుగా రోజూ బాగుందనే రాసింది. మా ఆఫీసులో మీ గురించి గొప్పగా చెప్పుకుంటారండీ. అంత ముసురులో ఏ ఇబ్బందీ లేని ఊరని."

ఆ అచ్చు పేజీ నేను తిప్పి చూడనే లేదు. నేను రాసిన ఎనిమిది రోజుల కాగితాలు కూడా ఆమె చేతిలోనే ఉన్నాయి.

"ఇప్పట్నుంచి రాస్తాను."

"రాయండి. ఈ ఆరు నెలల కంతలు ఇంకో ఇరవై రోజుల్లో పంచేస్తారు. ఇరవై రోజుల రాతకు పదకొండేళ్ళ రాతతో తూగే బలం ఉండదు. ఒక్కటే దారి. పాత రాత తప్పని, రాసిన మనిషే ఊరి ముందు చెప్పి, వేలిముద్ర వేయాలి. ముద్ర వేసే పలక ఇచ్చి వెళ్తాను. వచ్చే పడవకు పంపండి. ఆయన ఉన్నారు కదా?"

ఉన్నాడని చెప్పాను.


పదో రోజు

ఆకాశం: ముసురు.

ఈ మాట రాయడానికి నాకు పొద్దున్నుంచి మధ్యాహ్నం అయింది. గాలి వింటుందేమోనని తలుపు వేసుకుని రాశాను. ఇంక మొదలుపెట్టాను కనుక మొత్తం రాస్తాను. అడుక్కోవడం నాకు రాదు. ఇది అడుక్కోవడం కాదు, ఉన్నది చెప్పడం.

బియ్యం డబ్బాలో బూజు. చెరిగి, కడిగి, బూజు తీసి వండుకుంటున్నాం, అన్నానికి పాత గోనెసంచి వాసన. వలలు ఆరవు. ఆరని వల మూడు నెలలకు చేత్తో లాగితే తెగుతుంది. పేలాలు కరకరలాడి ఎన్నేళ్ళయిందో, నోట్లో దూదిలా ఉంటాయి. గోడ మీద దేవుడి పటానికి ముఖం మిగల్లేదు, చుట్టూ ఫ్రేము ఉంది, మధ్యలో పచ్చటి నాచు ఉంది. దానికే దణ్ణం పెట్టుకుంటున్నాం. ఎప్పుడో వదిన పెట్టెలో దాచుకున్న పెళ్ళి చీర మొన్న తీస్తే మడత మడతకీ చిరిగింది. కాళ్ళ వేళ్ళ మధ్య ఊరంతటికీ పుళ్ళు. మా పడవలవాళ్ళలో జత చెప్పులు సరిగ్గా వేసుకుని నడిచే మగాడు ఒక్కడూ లేడు. ఎండుచేపలు చేసే పారమ్మ పొగ మీద ఆరబెడుతుంది, సగం కుళ్ళుతాయి. పిల్లలకు దగ్గు. దగ్గడం మామూలు సంగతని వాళ్ళు అనుకుంటున్నారు.

తలుపు మూస్తే పట్టేస్తుంది. తెరిస్తే మూసుకోదు. ఇది కూడా ఇబ్బందే కదా, రాస్తున్నాను.

ఇవన్నీ పదకొండేళ్ళుగా ఉన్నాయి. మా అన్న రోజూ చూశాడు. చూసి బాగుందని రాశాడు. నాకు అతని మీద వచ్చిన కోపం ఇక్కడ రాయడం చేతకాదు.


పన్నెండో రోజు

ఆకాశం: ముసురు. మధ్యాహ్నం గాలి కూడా.

అన్నకు చెప్పాను. జావ తాగించి, మూతి తుడిచి, ఆ అమ్మాయి చెప్పింది మొత్తం చెప్పాను.

విన్నాడు. కళ్ళు మూసుకోలేదు.

"మొదటి పేజీ నువ్వు సదవలేదా?" అన్నాను. కోపం వస్తే నాకూ ఒడ్డు మాటే వస్తుంది.

"సదివినాను."

"సదివి కూడా బాగుందని రాసినావా!"

"మన పక్కూరు మూలపేట ఏటైనాదిరా? ఇబ్బందిగా ఉందని వాల్లే సెప్పుకున్నారు. సెప్పుకున్న ఆరు నెలలకి లారీలు వచ్చినాయి. సముద్రానికి నలబై మైళ్ళు లోపల, కొండ పక్కన సిమెంటు గదుల్లో పడీసినారు. ఇప్పుడు వల అంటే ఏటో వాల్ల గుంటపిల్లలకి తెలీదు. మన ఊరినీ అలగే ఎత్తీస్తారనుకున్నాను. బాగుందని రాసినంతకాలం ఎవడూ మనజోలికి రాలేదు."

"ఎండా రాలేదు."

"రాలేదు."

"మరి ఇప్పుడు ఊరి ముందు సెప్పీ. వేలిముద్ర వేసీ. పొడి ఇసకలో తొంగుంటావు."

"అది మాత్రం నావల్ల కాదురా. నేను బాగుందంటే నూటపది మంది పడవలెక్కినారు. నా మొకం సూసి ఎక్కినారు. ఇప్పుడు అది అబద్దమని సెప్పమంటావా?"

"నీకోసం కాకపోతే ఊరి కోసం సెప్పు."

"నన్ను ఇలగే పోనీరా," అని గోడవైపు తిరిగాడు. లోపల నీళ్ళ చప్పుడు పెద్దదయింది.


పదిహేనో రోజు

ఆకాశం: ముసురు. దాని గురించి ఇంతకంటే రాయలేను, చేతులు చల్లబడ్డాయి.

నేను ముసురును తిడుతూ రాస్తున్నానని నిన్న కాసమ్మ నోరు జారింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఇవాళ పొద్దున పడవ దగ్గరికి వెళ్తే నాతో వచ్చే నలుగురూ తలలు దించుకుని నిలబడ్డారు. ఎవడూ ఎక్కలేదు. పారమ్మ గంప దించి నడుం మీద చేతులు పెట్టింది. నాకంటే రెండేళ్ళు పెద్దది, మా ఊరి ఆడవాళ్ళకు ఆమే పెద్ద, అక్క వరసన అందరం అప్పా అంటాం.

"ఏటి కొర్లయ్యా, వానదేవుణ్ణి పుస్తకంలో తిడతన్నావంట? నీ అన్న అంతటోడు పదకొండేళ్ళు ఒక్క సెడ్డమాట రాయలేదు. నీకు నాలుగు అచ్చరాలు రాగానే కళ్ళు నెత్తికెక్కినాయేటి?"

"పారమ్మప్పా, నీ చేపలు కుళ్ళుతున్నాయా లేదా?"

"కుళ్ళితే నా సేపలు కుళ్ళతాయి. నీకేటి నొప్పి? ఊరి మీదకి గాలి తెచ్చి పెడతావా? దానయ్యని సూసి నేర్సుకో. మగాడంటే అదీ."

చెప్పాలనిపించింది. నీ చేపలు కుళ్ళింది ఆ మగాడి రాత వల్లే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా అన్నకు ఈ ఊళ్ళో మిగిలింది ఆ పేరు ఒక్కటే. ఊపిరి సగం పోయింది, వేళ్ళు పోయాయి. దాన్ని కూడా నా నోటితో తీసేయనా?

వలను భుజాన వేసుకుని ఇంటికొచ్చాను. యాభై ఏళ్ళలో మొదటిసారి నా పడవ ఒడ్డున ఉండిపోయింది.


పద్దెనిమిదో రోజు

ఇది రాయకూడదు. రాస్తున్నాను. ఆఫీసు వాళ్ళు చదివితే చదవనీ.

మధ్యాహ్నం భోజనాల తర్వాత అన్న నిద్రపోయాడు. కాసమ్మ నీళ్ళకు వెళ్ళింది. ముద్ర వేసే పలక తీసుకుని అతని మంచం పక్కన కూర్చున్నాను. ఊరి ముందు చెప్పాడని నేనే రాసేస్తాను, ముద్ర ఒక్కటి పడితే చాలు, ఊరికి తెలియనక్కర్లేదు, అతనికీ తెలియనక్కర్లేదు. ఇదీ నా ఆలోచన. జీవితంలో ఒకరి వలలో చేపను ముట్టుకోని వాణ్ణి.

అతని బొటనవేలు పట్టుకుని పలక మీద నొక్కాను. పలక ఎర్రదీపం చూపించింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎర్రదీపం. వేలు తిప్పి చూశాను. నెమ్ముకు ఉబ్బి, నానిన అటుకులా తెల్లగా ఉంది. గీతలు లేవు.

"గట్టిగా నొక్కినా పడదురా," అన్నాడు అన్న.

కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పటినుంచి మెలకువగా ఉన్నాడో తెలియదు. చెయ్యి వదిలేయాలని కూడా నాకు తోచలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నాను. నా ముఖం ఎలా ఉందో మరి. అతను చాలాసేపు నన్నే చూశాడు.

"నువ్వు దొంగతనం సేసే రోజు వస్తాదనుకోలేదు. నేను రాసిన దానికి నువ్వు దొంగవ్వాలేటి?"

అతని చెయ్యి తీసి మంచం మీద పెట్టాను.

"ఎల్లి ఊరిని పిలవరా. పారమ్మని ముందు పిలు. అది తిట్టాలి కదా."


ఇరవయ్యో రోజు

ఆకాశం: ముసురు.

ఊరు చేపల షెడ్డులో కూడింది. అందరూ పట్టే చోటు అదొక్కటే. అన్నను మంచంతో సహా నలుగురం మోసుకెళ్ళాం. కింద పొగ పొయ్యిలు మండుతున్నాయి, పైన దండేల మీద పారమ్మ చేపలు.

అన్నకు గొంతు లేదు. ముందున్న వాళ్ళు విని వెనక వాళ్ళకు చెప్పారు. అందుకని ప్రతి మాటా షెడ్డులో రెండుసార్లు వినబడింది.

"నేను రాసింది అబద్దం," అన్నాడు. "రోజూ బాగోలేదు. బాగోలేదని రాసుంటే ఎండ వచ్చేది. ఊరిని ఎత్తీస్తారని బయపడినాను. అదొకటే కాదు. ఆకాశం నన్ను ఓడించీసినాదని నా సేత్తో రాయడానికి సిగ్గేసినాది. అదీ ఉంది."

పొయ్యిలో కట్టె చిటపటమనడం వినబడింది. పారమ్మ లేచింది. నేను అడ్డం వెళ్ళబోయాను, తోసేసింది.

"పదకొండేళ్ళు!" అంది. "ఒరే దానయ్యా, పదకొండేళ్ళు నా సేపలు పురుగులు పట్టినాయి. నా కోడలు పురిటి గుడ్డలు తడిగానే కట్టినాది. సిగ్గేసినాదంట సిగ్గు! ఆ సిగ్గు ఏ సుట్టలో పెట్టి కాల్సినావురా?"

"తిట్టు పారమ్మా," అన్నాడు అన్న.

"తిడతాను. నీ అబ్బని కూడా తిడతాను." ఊపిరి తీసుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంకా తిడుతుందనుకుంటే తిట్టలేదు. "నాకు అచ్చరాలొస్తే ఏటి రాసుందునో నాకూ తెలీదు," అంది.

వెనక ఎవరో ముసలాయన "బాగుందనే రాసుందువు అప్పా" అన్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. నవ్వు కాదు, దగ్గూ నవ్వూ కలిసిన చప్పుడు.

అన్న వేలిని పలక మీద పెట్టాం. ఎర్రదీపం. మూడుసార్లూ ఎర్రదీపమే. పారమ్మ పలక లాక్కుని పక్కన పెట్టి, అన్న చేతిని రెండు చేతులతో పట్టుకుని పొగ పొయ్యి దగ్గరికి తీసుకుంది. చేపను తిప్పినట్టు అటూ ఇటూ తిప్పింది. ఎంత వేడి మనిషి చర్మం తట్టుకుంటుందో ఆమె చేతులకు తెలుసు. అరగంట అలా కాచింది. ఊరంతా వేచి ఉంది. ముడతలు విడి, తెలుపు పోయి, వేలిమీద సన్నగా గీతలు బయటపడ్డాయి.

"ఇప్పుడు ఎయ్," అంది.

పచ్చదీపం వెలిగింది.


ఇరవై మూడో రోజు

ఆకాశం: ముసురు.

పడవ వచ్చింది, పలక పట్టుకుపోయింది. నాతో వేటకు నలుగురూ ఎక్కారు. ఎక్కేటప్పుడు "ఎలాగుంది కొర్లయ్య మామా?" అని ఒకడు అడిగాడు. "దరిద్రంగా ఉంది," అన్నాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత తెడ్లు అందుకున్నారు. గాలి ఏమీ తిరగబడలేదు.

అన్నకు జావ దిగడం లేదు.


ముప్పయ్యో రోజు

ఆకాశం: ముసురు.

మా ఊరికి కంత ఇచ్చారని కబురు వచ్చింది. ఎల్లుండి కాక ఆపై రోజు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. ఈ ఆరు నెలలకు ఒక్క పూట.

రాత్రి పగలు అన్న మంచం దగ్గర ఎవరో ఒకరు కూర్చుంటున్నారు. ఎవరూ పంపలేదు, వాళ్ళే వస్తున్నారు. అతను మాట్లాడటం తగ్గించాడు. ఊపిరి దాచుకుంటున్నాడని నాకు అర్థమైంది. మూడు రోజులకు సరిపడా ఊపిరి కావాలి.


ముప్పై మూడో రోజు

ఎనిమిదికి ముందే ఊరంతా ఒడ్డున ఉంది. పరుపులు, దుప్పట్లు, వలలు, చాపలు, బియ్యం, పుస్తకాలు, మందుల పెట్టెలు, ఊయలలు, ఒకావిడైతే ఇంటి తలుపే ఊడబీకి మోసుకొచ్చింది.

ముందు సముద్రం మీద ఒక గీత కనబడింది. ఇటువైపు బూడిదరంగు, అటువైపు తెలుపు. ఆ గీత నీళ్ళ మీద నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. పడవల మీద పడింది. పాదాల మీద పడింది. పడగానే చిన్నపిల్లలు ఏడ్చారు. ముసలాళ్ళం చేతులు చాపాం. ఇళ్ళ కప్పుల మీంచి, ఇసుక మీంచి, పరుపుల మీంచి, మా ఒంటి మీది బట్టల మీంచి ఒక్కసారిగా ఆవిరి లేచింది. ఊరు పొయ్యి మీద పెట్టిన కుండలా ఉంది. కాసేపు పక్కమనిషి కనబడలేదు.

ఇసుక పైపైన వెచ్చబడింది గానీ లోపల తడి. అన్న అడిగింది పొడి ఇసుక. పారమ్మ చేపలు తిరగేసే పార తెచ్చింది. నేనూ, ఆమే, నా పడవ నలుగురూ ఒక మనిషి పట్టేంత చోటు గీసుకుని ఇసుకను తిరగేయడం మొదలుపెట్టాం. పైది కిందికి, కిందిది పైకి. పలచగా పరచడం, మళ్ళీ తిరగేయడం. తొమ్మిదిన్నరకు గుప్పెట్లో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారింది. ఆ జారడం చూసి కాసమ్మ ఏడ్చింది.

అన్నను మంచం మీంచి ఎత్తి అందులో పడుకోబెట్టాం. చొక్కా తీసేశాం. ఎముకలు, చర్మం, అంతే. అందరం చుట్టూ నిలబడ్డాం.

"ఓర్నాయనో!" అన్నాడు అన్న. "కాలిపోతన్నాదిరా! ఏటీ ఎండ? మనిషన్నోడు ఉంటాడేటి ఇందులో? ఈపు సుర్రుమంటన్నాది. ఎవడు తెమ్మన్నాడురా దీన్ని?"

ఊరు ఊరంతా నవ్వింది. పారమ్మ పార వదిలేసి ఇసుకలో కూలబడి నవ్వింది. కాసమ్మ గొడుగు తెచ్చి అతనికి అడ్డం పట్టింది.

"తియ్యవే దాన్ని," అన్నాడు. "నువ్వు తప్పుకో. ఎండ నా మీద పడనీ."

కళ్ళకు వెలుతురు తట్టుకోలేకపోతున్నాడని తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కళ్ళ మీద కప్పాను. చేతులు రెండువైపులా ఇసుకలో పెట్టుకున్నాడు. బిగుసుకున్న వేళ్ళు మెల్లగా ఇసుకలోకి దిగాయి. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఊపిరిలో చప్పుడు తగ్గినట్టు నాకు అనిపించింది. కాంపౌండరు కాదంటాడేమో గానీ నేను విన్నాను.

పదకొండు కావస్తుంటే అందరూ సర్దుకోవడం మొదలుపెట్టారు. బియ్యం, పరుపులు, తలుపు. అన్నను లేపాలి. నేను వంగి అతని భుజం పట్టుకోబోయాను. అంతలోనే గీత వెనక్కి వచ్చి మా మీంచి దాటింది. అంతా బూడిదరంగు అయిపోయింది. ఇసుక మాత్రం ఇంకా వేడిగా ఉంది.

"ఒరే కొర్లా," అన్నాడు తువ్వాలు కింది నుంచి. "ఇంకా ఉందా?"

పారమ్మ నా ముఖం చూసింది. గంప ఎత్తుకున్నది కాస్తా కింద పెట్టింది.

"ఉందన్నా," అన్నాను.

"ఎంతసేపు ఉంటాదంట?"

"సానాసేపు ఉంటాది. నువ్వు తొంగో."

తుంపర మొదటి చుక్క నా మెడ మీద పడింది. కాసమ్మ గొడుగు విప్పి అతని ముఖం మీద పట్టింది. నా పడవ నలుగురూ తెరచాప గుడ్డ తెచ్చి నాలుగు కొసలూ పట్టుకుని అతని ఒంటి మీద పైకెత్తి నిలబడ్డారు, ఒక్క చుక్క ఇసుక మీద పడకుండా. వెళ్ళబోయినవాళ్ళు వెనక్కి వచ్చారు. ఇంకో గుడ్డ, ఇంకో గొడుగు. ఎవరూ గట్టిగా దగ్గలేదు.

నేను పక్కన కూర్చుని ఇసుకలో చెయ్యి పెట్టి చూస్తూ ఉన్నాను.

ఆకాశం: పదకొండుకు మూసుకుంది. పదకొండుంపావుకు ముసురు మొదలయింది. అన్న కింద ఇసుక ఒంటిగంట దాకా వెచ్చగా ఉంది.